కలుపు మందుల సాధారణ బదిలీలు

ప్రభుత్వం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను బదిలీ అని చెబుతాను. రోడ్లు, బడులు, ఆస్పత్రులు, వ్యవసాయం వగైరాలన్నీ బదిలీ చేయడానికి మనుషులు కావాలి కాబట్టి పెట్టుకున్న ఏర్పాట్లు. జిల్లా వ్యవసాయ కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుగా ఉన్న నాకు ఈ విషయంలో అనుమానం లేదు. ఎవరు ఏ మండలంలో ఎన్నాళ్లు పనిచేశారో, ఎవరి భార్య ఎక్కడ టీచరో, ఎవరికి బదిలీల ముందు గుండెజబ్బు వచ్చి ఉత్తర్వు రద్దు కాగానే నయమైందో నాకు కంఠతా వచ్చు. సోయా ఆకుకీ చింతాకుకీ తేడా చెప్పమంటే మాత్రం కాస్త టైము కావాలి. ఆ పని వేరే సెక్షన్‌ది.

ఇదే సీట్లో నేను పంతొమ్మిదేళ్లుగా కదలకుండా కూర్చున్నానని గిట్టనివాళ్లు అంటుంటారు. నిజమే. నేను ఉద్యోగుల సంఘం కార్యదర్శిని. సంఘ బాధ్యులకు బదిలీల నుంచి మినహాయింపు ఉంది. ఆ నిబంధన నేను రాయలేదు, టైపు చేశానంతే.

ఈ మధ్య కలుపు మందుల బదిలీల విషయమై జిల్లా అంతా నన్ను నోటికొచ్చినట్టు తిడుతోంది. 'భోజన్న సారు పెన్ను విరిగిపోను' అని ఒక ఊళ్లో ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారట. ఆ ఊరు మా అక్కది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పుకోవలసి వచ్చింది.

మా జిల్లా మహారాష్ట్రను ఆనుకుని ఉంటుంది. వానాకాలంలో పత్తి తర్వాత మాకు సోయానే. ఆ సోయా చేలల్లో కొన్నేళ్లుగా గునుగు విపరీతంగా పెరుగుతోంది. బతుకమ్మలో వరసలుగా పేరుస్తారే, ఆ గునుగే. పండగనాడు పళ్లెంలో ముద్దుగానే ఉంటుంది గానీ, చేలో మొలిచిందంటే సోయాను కిందకి తొక్కి పైకి లేస్తుంది. ఒకప్పుడు మందు కొడితే వాడిపోయి చచ్చేది. ఇప్పుడు మందు కొట్టిన మర్నాడు తలంటు పోసుకుని వచ్చినట్టు నిగనిగలాడుతూ నిలబడుతోంది. రైతులు గోల పెట్టారు. ప్రభుత్వం వెంటనే స్పందించింది. అంటే ఒక ప్రత్యేకాధికారిని వేసింది.

ఆయన పేరు వామనరావు గారు. ఉద్యోగ జీవితమంతా రాజధానిలో సర్వీసు వ్యవహారాలు చూసినవారు. వ్యవసాయం తెలియదని ఆయనే మొదటి సమావేశంలో చెప్పేశారు. "తెలియకపోవడం ఒక రకంగా మంచిదే. సమస్యను నిష్పాక్షికంగా చూడగలుగుతాం" అన్నారు. అందరం తలలూపాం.

ఆ సమావేశానికి పరిశోధనా కేంద్రం నుంచి డాక్టర్ సువర్చల అనే శాస్త్రవేత్త వచ్చారు. ఆవిడ మామూలు మాటల్లో విషయం చెప్పారు. "సర్, ఒకే రకం మందు ఒకే చేలో ఏటేటా కొడుతున్నారు. ఎక్కడో ఒకటీ అరా మొక్కలు పుట్టుకతోనే ఆ మందుకు లొంగవు. మిగతావి చస్తాయి, ఇవి బతికి విత్తనం రాలుస్తాయి. కొన్నేళ్లు పోయాక చేనంతా వీటి సంతానమే. కలుపును ఇంకో రకంగా చంపే మందుకు మారాలి. మధ్యలో సాళ్ల నడుమ ఎడ్లతో గుంటుక తోలాలి. అప్పటికీ మిగిలితే పూత రాకముందే చేత్తో పీకెయ్యాలి."

వామనరావు గారు కళ్లు మూసుకుని విన్నారు. మొదటి వాక్యం తర్వాత ఆయన ఏమీ వినలేదని నాకు అప్పుడే అర్థమైంది. ఆయన ముఖంలో ఒక వెలుగు వచ్చింది.

"ఆ మందు ఆ చేలల్లో ఎన్నేళ్ల నుంచి పనిచేస్తోందన్నారు?"

"ఎనిమిది, తొమ్మిదేళ్ల నుంచి సర్."

"ఒకే స్టేషన్‌లోనా?" ఆయన కుర్చీలోంచి లేచారు. "తొమ్మిదేళ్లు ఒకే స్టేషన్‌లో! ఇంకేం కావాలమ్మా? స్థానికంగా పరిచయాలు పెరిగిపోయాయి. కలుపుకీ మందుకీ మధ్య మొహమాటాలు ఏర్పడ్డాయి. ఇంక చర్య ఎలా తీసుకుంటుంది? నా సర్వీసులో ఇలాంటి కేసులు కొల్లలు. ఒక ఎమ్మార్వో ఒక మండలంలో అయిదేళ్లుంటే ఏమవుతుందో మందుకూ అదే అయింది. దీనికి ఒక్కటే పరిష్కారం. సాధారణ బదిలీలు!"

డాక్టర్ సువర్చల అడ్డుపడ్డారు. "సర్, చోటు మార్చడం కాదు, మందు పనిచేసే పద్ధతి మారాలి..."

"పనితీరు మదింపు వేరే అంశం మేడం. దానికి వేరే ఫారం ఉంది" అని ఆయన నా వైపు తిరిగారు. "భోజన్న గారూ, మార్గదర్శకాలు తయారు చెయ్యండి."

నా జన్మ ధన్యమైందనిపించింది. ఇన్నాళ్లూ మనుషుల్నే బదిలీ చేశాను. మనుషులతో మహా గొడవ, ఏడుస్తారు, కోర్టుకెళతారు. సీసాలకు ఆ జబ్బులు లేవు.

ఆ సాయంత్రమే మా అక్క ఫోన్ చేసింది. లసుంబాయి మా పెద్దక్క. బావ పోయాక సావర్గాంలో పటేల్ చేను కౌలుకు పట్టి సోయా వేస్తోంది. నన్ను చదివించింది ఆవిడే.

"తమ్మీ, గునుగు వేలెడు లేసింది. ఏ మందు కొట్టాలె? మొన్నటిది కొడితే దానికి జెరంత జ్వరం సుత రాలే" అంది.

"ఒక్క పది రోజులు ఆగక్కా. బదిలీలు జరుగుతున్నాయి. అప్పటిదాకా ఏ మందూ దుకాణం దాటకూడదు."

"నీ బదిలీలు నీ ఆఫీసుల జేస్కో. నాకు మందు గావాలె. వేలెడున్నప్పుడు కొడితేనే సస్తది, మోకాలెత్తు లేస్తే ఏ మందుకీ సావది. పటేల్ ఖరాఖండిగ జెప్పిండు, ఈ యేడు చేను గునుగు పాలైతే వచ్చే యేడు కౌలు ఇయ్యనన్నడు. ఆ చేను పోతే నేనేడికి వోవాలె?"

"పోదక్కా. ఈసారి మీ ఊరికి కొత్త మందు వస్తోంది. నేనే చూసుకుంటా" అని అభయమిచ్చాను. అబద్ధం చెప్పలేదు. అప్పటికి నేను కూడా నమ్మాను.

మార్గదర్శకాలు తయారయ్యాయి. నా చేతిమీదుగా వెళ్లిన వాటన్నిటిలోకీ ఇవే ముద్దొచ్చాయి. ఒక మండలంలో మూడేళ్లు దాటిన ప్రతి మందూ విధిగా కదలాలి. సీసా మీది తయారీ తేదీని బట్టి సీనియారిటీ. గడువు తీరడానికి ఏడాదిలోపు ఉన్న సీసాలకు పదవీ విరమణ దగ్గర పడింది కాబట్టి మినహాయింపు. రెండు మందులు కలిపి ఒకే సీసాలో అమ్ముతారే, వాటిని భార్యాభర్తల కేసుగా పరిగణించి విడదీయకుండా ఒకే చోట వెయ్యాలి. ఏజెన్సీ మండలాల్లో ఇంతవరకూ పనిచేయని మందులు అక్కడ రెండేళ్లు తప్పనిసరిగా చెయ్యాలి. మందులు నోరు లేనివి గనక ఆప్షన్లు వాటి తరఫున డీలర్లు పెట్టాలి.

కౌన్సెలింగు మూడు రోజులు జరిగింది. హాలు కిటకిటలాడింది. డీలర్లు సీసాలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన తన మందుకు నల్లరేగడి పడదని, ఎర్రనేల ఇప్పించమని డాక్టర్ సర్టిఫికెట్ తెచ్చాడు. ఇంకొకాయన మందుకు ఫలానా నాయకుడి సిఫారసు ఉత్తరం ఉంది. 'సదరు కలుపు మందు మా కుటుంబానికి చిరకాలంగా సన్నిహితము' అని అందులో రాసి ఉంది. వామనరావు గారు సిఫారసులకు లొంగే మనిషి కారు. ఆ మందును ఆ నాయకుడి సొంత మండలం నుంచి తప్పించి పక్క మండలంలో వేశారు. సొంత మండలంలో పనిచేయకూడదన్నది పాత నిబంధన.

ఈలోగా గునుగు జానెడైంది. దానికి మార్గదర్శకాలు అందినట్టు లేవు.

చివరికి ఉత్తర్వులు వెలువడ్డాయి. సావర్గాంలో తొమ్మిదేళ్లుగా పాతుకుపోయిన 'తృణగండ' అనే మందు పక్క మండలంలోని లోహర అనే ఊరికి బదిలీ అయింది. లోహరలో అంతే కాలంగా ఉన్న 'గడ్డిరాయడు' సావర్గాంకు వచ్చింది. సావర్గాంలో డీలరు కొత్త మందుకు పూలదండ వేసి ఆహ్వానించాడు. మా అక్క మొదటి వరసలో నిలబడి సీసా కొనుక్కుంది. ఫోటో పేపర్లో పడింది. 'విధుల్లో చేరిన గడ్డిరాయడు' అని శీర్షిక.

వారం తర్వాత అక్క ఫోన్ చేసింది. హలో అనలేదు.

"ఏం మందురా అది? గునుగు గట్లనే ఉన్నది. సోయనే పసుప్పచ్చగైంది. మీ కొత్త మందుకు ఎవల్ని సంపాలెనో ఎవల్ని ఇడ్సిపెట్టాలెనో సుత తెల్వదా?"

నాకు కొంచెం భయం వేసింది. డాక్టర్ సువర్చలకు ఫోన్ చేశాను. ఆవిడ నిట్టూర్చారు. "భోజన్న గారూ, సీసా తిప్పి వెనక చిన్న అక్షరాలు చదివారా? రెండింట్లోనూ ఒకటే మందు. కంపెనీ వేరు, పేరు వేరు, రంగు వేరు. లోపల అదే. సావర్గాం గునుగు తొమ్మిదేళ్లుగా దాన్నే తాగుతోంది."

నేను పరిగెత్తుకుంటూ వామనరావు గారి గదిలోకి వెళ్లి ఈ సంగతి చెప్పాను. ఆయన ఏమాత్రం చలించలేదు. నన్ను జాలిగా చూశారు.

"ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంటు అయ్యుండి మీరు అడగాల్సిన ప్రశ్నేనా ఇది? ఇది పరస్పర బదిలీ. పరస్పర బదిలీ ఒకే కేడర్ మధ్యనే చెల్లుతుంది. అటెండర్నీ ఇంజనీరునీ పరస్పరం మారుస్తామా? మారుస్తే ఆడిట్ వాళ్లు ఊరుకుంటారా? రెండు సీసాల్లో ఒకటే మందు ఉందంటే నిబంధన తూచా తప్పకుండా అమలైందన్నమాట. ఆవిడ చెప్పినట్టు వేరే రకం మందు వేసి ఉంటే ఉత్తర్వు చెల్లేదే కాదు."

ఆ తర్కంలో లోపం కోసం నేను రెండు రోజులు వెతికాను. దొరకలేదు. ఇన్నేళ్ల అనుభవంలో నేను నేర్చుకున్నదేమిటంటే, నిబంధన సరిగ్గా అమలైనప్పుడు ఫలితం గురించి అడగడం సభ్యత కాదు. కానీ అక్క గొంతు మాత్రం చెవిలో మోగుతూనే ఉంది. 

అక్క ఆఫీసు మీద ఆశ వదిలేసింది. ఊళ్లో ఆడవాళ్లను పది పన్నెండు మందిని కూడగట్టి, వాళ్ల చేలకు తను వెళ్లేలా బదులు పని మాట్లాడుకుని, కలుపు తీసే కుర్పీలు పట్టుకుని చేలో దిగింది. రెండు రోజుల్లో సగం చేను శుభ్రమైంది.

సరిగ్గా అప్పుడే వామనరావు గారు బదిలీల ఫలితాలను పరిశీలించడానికి సావర్గాం వచ్చారు. జీపు దిగుతూనే శుభ్రంగా ఉన్న సగం చేను ఆయన కంట పడింది. 

"చూశారా భోజన్న గారూ! గడ్డిరాయడు చేరి పట్టుమని పక్షం కాలేదు. కొత్త స్టేషన్, కొత్త ఉత్సాహం! ఆ రెండో సగంలో ఏమిటి ఆలస్యం? పని భారం ఎక్కువైందా?"

గట్టు మీద చెమట తుడుచుకుంటున్న అక్క లేచి వచ్చింది. "మందు లేదు, మన్ను లేదు సారూ. మా చేతులు. మేమే పీకినం."

ఆయన నిరాశ పడతారనుకున్నాను. ఆయన జేబులోంచి పెన్ను తీశారు. ఆ పెన్ను బయటికి వచ్చిందంటే ఎవరో ఒకరు కదలాల్సిందే.

"చేతులా? చాలా ఆసక్తికరంగా ఉంది. ఈ చేతులు ఈ ఊళ్లో ఎప్పటినుంచి కలుపు తీస్తున్నాయమ్మా?"

"ఎప్పటి నుంచేంది సారూ? నడక నేర్సినప్పటి సంది."

"ఇదే ఊళ్లోనా? వేరే ఎక్కడా చెయ్యలేదా?"

"ఏడికి వోతం? మా చేలు ఈడనే ఉన్నయి గద."

వామనరావు గారి ముఖం పాలిపోయింది.  జీపు ఎక్కాక నాతో అన్నారు. "ఎంత ప్రమాదం తప్పిందో గమనించారా? మందుకి తొమ్మిదేళ్లే. ఆ చేతులకు జీవితకాలం! ఇంతవరకూ గునుగు వాటికి లొంగుతోందంటే అది మన అదృష్టం. రేపు అలవాటు పడితే? పీకినా రాకపోతే? జిల్లా గతేం కావాలి? నేను ఊరికే చూస్తూ కూర్చోలేను."

ఉత్తర్వు నేనే రాశాను. 'సావర్గాం గ్రామ సోయా క్షేత్రములందు కలుపు తీయుచున్న మహిళా హస్తములు దీర్ఘకాలముగా ఒకే స్థానమున కొనసాగుచున్నందున, గునుగు మొక్కలు సదరు హస్తములకు అలవాటు పడు ప్రమాదము గలదని భావించి, ప్రజా ప్రయోజనముల దృష్ట్యా వానిని తక్షణమే లోహర గ్రామమునకు బదిలీ చేయడమైనది. లోహర హస్తములు సావర్గాంలో చేరవలెను. కొత్త హస్తములు చేరువరకు ఎవరూ కలుపు తీయరాదు.' భాష బాగుందని వామనరావు గారు మెచ్చుకున్నారు. మొదటి ప్రతి మీద మా అక్క పేరు ఉంది. దాన్ని స్వయంగా అందజేయమని నన్నే పంపారు.

నేను వెళ్లేసరికి చేలో ఇద్దరే ఉన్నారు, అక్కా, ఆవిడ తోడికోడలు ముత్తవ్వా. మిగతా ఆడవాళ్లు రాలేదు. ఉత్తర్వు సంగతి నాకంటే ముందే ఊరు చేరింది. కాదని కలుపు తీస్తే పింఛన్లు ఆగిపోతాయని ఎవరో పుకారు పుట్టించారట. శుభ్రమైన సగంలో సోయా తేరుకుంటోంది. రెండో సగంలో గునుగు నడుమెత్తు లేచి, కొసలకు మొగ్గ కట్టింది. అది విచ్చుకుని గింజ రాలితే వచ్చే ఏడు చేనంతా అదే. అక్కకు ఆ చేను ఉండదు. అంతమాత్రం నాకు కూడా తెలిసింది.

అక్కకు చదువు రాదు. నేనే ఉత్తర్వు చదివి వినిపించాను. చదువుతున్నంతసేపూ నా గొంతు నాకే నచ్చలేదు. ముత్తవ్వ నోరు తెరుచుకుని విన్నది. అక్క కుర్పీ గట్టు మీద పెట్టింది.

"అంటె మా చేతులకు గునుగు మరిగిందంటరు."

"మరిగే ప్రమాదం ఉందని, అక్కా."

"లోహరోళ్లు ఎప్పుడొస్తరు?"

"వాళ్లకు ఇంకా రిలీవింగ్ ఆర్డర్ అందలేదు. అందాక చేరడానికి వారం గడువుంటుంది. దసరా సెలవులు కలుపుకోవచ్చు."

"దసరాకా? దసరాకు గునుగు పూసి, బతుకమ్మల వెట్టి, నీళ్లల్ల ఏసి సుత వస్తం."

 రూల్ అలాగే ఉందని చెప్పాలి. చెప్పలేకపోయాను. నన్ను కాలేజీకి పంపడానికి ఆవిడ ఎవరెవరి చేలల్లో వంగి కలుపు తీసిందో ఆ క్షణంలో వద్దన్నా గుర్తొచ్చింది. చాలా సిగ్గేసింది.

అక్క నన్ను పైనుంచి కిందికి చూసింది. ఇస్త్రీ ప్యాంటు, బూట్లు, జేబులో పెన్ను.

"తమ్మీ, ఈ గునుగు నీ చెయ్యి ఎన్నడన్న సూసిందా?"

"నా చెయ్యా? లేదు."

"ఒక్కసారి సుత?"

"చేలో నేనెప్పుడు దిగానక్కా?"

"అంటె దీనికి నువ్వు అలవాటు లెవ్వు."

"లేను."

"ఊళ్ల మొహమాటం లేదు, దోస్తానా లేదు."

ఆవిడ ఎటు వెళుతోందో నాకు అర్థమైంది. "అక్కా, నాకు చార్జి ఆర్డర్ లేదు" అన్నాను.

"ఆర్డర్లు రాసేటోడివి నువ్వే గద. రాస్కో. బూట్లిప్పి దిగు."

ముత్తవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నేను అటూ ఇటూ చూశాను. జీపు డ్రైవరు నా వైపు చూడకూడదని నిశ్చయించుకుని ఆకాశం చూస్తున్నాడు. ఉత్తర్వు మడిచి బూటులో పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చేలో దిగాను. వంగి, బలంగా ఉన్న మొక్కను చూసి పట్టుకుని, ఊపిరి బిగబట్టి లాగాను. వేరుతో సహా వచ్చింది.

"అది సోయరా!" అని అక్క కేక పెట్టింది.

రెండోది గునుగే. మూడోదీ గునుగే. మధ్యాహ్నానికి నడుం నాది కాకుండా పోయింది, అరచేతులు బొబ్బలెక్కాయి. మా సారు కలుపు పీకుతున్నాడని డ్రైవరు ఊళ్లోకి వెళ్లి ఎవరితోనో అన్నాడట. బదిలీలు చేసే సారే పీకుతుంటే మనకేం భయమని ఆడవాళ్లు ఒక్కొక్కరే కుర్పీలు పట్టుకుని వచ్చి వరసల్లో దిగారు. నా పెన్ను విరగాలని శపించిన ఆవిడ నా పక్క వరసలోనే ఉంది. "సారూ, జెర కిందికి వట్టి గుంజు" అని నేర్పింది.

పొద్దు వాలేసరికి ఇంకొక్క రోజు పని మిగిలింది. మొగ్గ విచ్చలేదు. అక్క నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని బొబ్బలు చూసి, రాత్రికి పసుపు పెట్టుకోమంది. చేను దక్కిందని అర్థం కాగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను.

"రేపు సుత రా తమ్మీ" అంది అక్క.

"వస్తా. ఎల్లుండి కూడా సెలవు పెడతా. ముత్తవ్వ వదిన చేను కూడా చూద్దాం."

"ఎల్లుండి నువ్వొద్దు. మీ పెద్దసారును తోలు."

"నేనెందుకొద్దు?"

"రేపటికి రెండు దినాలాయె గద. గునుగుకు నీ చెయ్యి అలవాటైతది."

నిబంధనల ప్రకారం ఆవిడ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.